పేలిన నక్షత్రానికి చిట్టా రాయడం ఎలా

ముప్పై మూడేళ్లు బ్యాంకులో పనిచేసి హెడ్ క్యాషియర్‌గా రిటైరయ్యాను. సాయంత్రం రొక్కం లెక్క కుదరకపోతే ఇంటికి వెళ్లేది లేదు. పది రూపాయలు తక్కువ వస్తే వెతకాలి. పది రూపాయలు ఎక్కువ వస్తే ఇంకా జాగ్రత్తగా వెతకాలి, ఆ సొమ్ము ఎవరిదో ఒకరిది కాబట్టి. ఆ అలవాటు ఇప్పుడు నల్లకుంటలో మా భోజనాల బల్ల మీద, కోట్ల కాంతి సంవత్సరాల అవతల పేలిపోయిన నక్షత్రాల మీద ప్రయోగిస్తున్నాను.

మా చెల్లెలి కూతురు ఖగోళశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. "పెద్దమ్మా, నువ్వు నోట్లు లెక్కపెట్టినట్టే మేము ఫోటాన్లు, అంటే కాంతి కణాలు లెక్కపెడతాం, వచ్చి చూడు" అని ఒక దసరా సెలవుల్లో నా పాత లాప్‌టాప్‌లో ఏవేవో ఎక్కించి వెళ్లింది. అప్పటినుంచి పట్టుకున్నాను. టెలిస్కోపు కొనలేదు, మేడ ఎక్కలేదు. సూపర్నోవాలు, అంటే పేలిపోయిన నక్షత్రాలు, అతినీలలోహిత (అల్ట్రావయొలెట్) కాంతిలో ఎంత వెలుగుతున్నాయో ఉపగ్రహ చిత్రాల నుంచి కొలవడం నా పని. ఇదే పని మీరూ చేయాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ కాలు జారుతుందో చెబుతాను. నేను జారిన చోట్లు కాబట్టి నాకు బాగా గుర్తున్నాయి.

హైదరాబాదు మబ్బులతో పని లేదు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన ఊళ్లో ఆకాశం కనిపించదు. కనిపించినా వీధి దీపాల వెలుగే ఎక్కువ. అయినా బెంగ లేదు, ఎందుకంటే మనకు కావలసిన అతినీలలోహిత కాంతి నేల దాకా రానే రాదు. సుమారు 3000 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు) కంటే పొట్టి తరంగాలను వాతావరణంలోని ఓజోన్ మింగేస్తుంది. హిమాలయాల మీద టెలిస్కోపు పెట్టినా అంతే. అందుకని ఈ పనికి అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపే దిక్కు.

మనకు పనికొచ్చేది నాసావారి స్విఫ్ట్ ఉపగ్రహం. 2004 నవంబరు 20న ఎగిరింది. గామా కిరణ విస్ఫోటాలను తరుముకుంటూ తిరగడం దాని అసలు పని. అందులో యూవోట్ అనే 30 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపు ఉంది. దానికి ముఖ్యమైన ఫిల్టర్లు ఆరు: అతినీలలోహితంలో యూవీడబ్ల్యూ2, యూవీఎం2, యూవీడబ్ల్యూ1, ఆపైన యూ, బీ, వీ. మొదటి మూడింటి కేంద్రాలు వరసగా 1928, 2246, 2600 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంటాయి. ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది, పాలవాడి లెక్క పక్కనే.

మన ఉపగ్రహమూ ఒకటి ఉంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో యూవిట్ అనే 38 సెంటీమీటర్ల జంట టెలిస్కోపులు ఉన్నాయి. దాని చిత్రాలు స్విఫ్ట్ చిత్రాల కంటే స్పష్టంగా ఉంటాయి, చూసే వైశాల్యమూ ఎక్కువే. కానీ 2018లో దాని సమీప అతినీలలోహిత విభాగం పనిచేయడం మానేసింది. పైగా ఒకే సూపర్నోవాను రెండు మూడు రోజులకోసారి, నెలల తరబడి చూడాలంటే చకచకా తిరిగే స్విఫ్ట్‌కే చెల్లింది. అందుకే కొత్తవాళ్లను స్విఫ్ట్‌తోనే మొదలుపెట్టమంటాను. శ్రీహరికోట మనదే అన్న మమకారం నాకూ ఉంది, కానీ లెక్కల దగ్గర మమకారం పనికిరాదు.

ఎవరి ఖాతా తెరవాలి

మామూలు సూపర్నోవాల్లో బాగా వెలిగేది ఒకటవ-ఏ రకం. దాని నిజ ప్రకాశం గరిష్ఠంగా మైనస్ 19.3 మాగ్నిట్యూడ్ దగ్గర ఆగుతుంది. మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలమానం, అందులో అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. మైనస్ 21ని దాటిన వాటిని అతిప్రకాశ సూపర్నోవాలు అనడం చాలాకాలం వాడుక. తేడా 1.7 మాగ్నిట్యూడ్‌లు, అంటే దాదాపు 5 రెట్ల వెలుగు. ఈ 1.7 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, నా పరువు తీసిన అంకె ఇదే. ఆ కథ తర్వాత.

వీటిలో హైడ్రోజన్ జాడ లేనివి ఒక కులం, ఉన్నవి ఇంకో కులం. లేనివాటిని విడి తరగతిగా గుర్తించింది రాబర్ట్ క్వింబీ బృందం, 2011లో. 2005లో, 2006లో కనిపించి ఎవరికీ అంతుబట్టని పేలుళ్లు కూడా ఈ జాతివేనని అప్పుడే తేలింది. గరిష్ఠ దశలో ఇవి విపరీతమైన వేడితో, నీలంగా ఉంటాయి. అందుకే అతినీలలోహితం లేకుండా వీటి లెక్క సగం కూడా రాదు.

మొదటి అభ్యాసానికి ఎస్‌ఎన్ 2017ఈజీఎం తీసుకోండి. 2017 మే నెలలో గయా ఉపగ్రహం పట్టుకుంది. సప్తర్షి మండలం దిక్కున ఎన్‌జీసీ 3191 అనే సర్పిలాకార గెలాక్సీలో ఉంది. రెడ్‌షిఫ్ట్ (విశ్వ విస్తరణ వల్ల కాంతి ఎంత సాగిందో చెప్పే అంకె) 0.0307, దూరం సుమారు 44 కోట్ల కాంతి సంవత్సరాలు. హైడ్రోజన్ లేని అతిప్రకాశ సూపర్నోవాల్లో ఇంత దగ్గరగా దొరికేవి చాలా అరుదు. ఈ జాతివి సాధారణంగా లోహాలు (ఖగోళ భాషలో హైడ్రోజన్, హీలియం కాక మిగతా మూలకాలన్నీ) తక్కువగా ఉన్న బుల్లి గెలాక్సీల్లో పుడతాయి. ఇదేమో పెద్దింట్లో పుట్టింది. ఆ పెద్దిల్లే మనకు తలనొప్పి, ఎలాగో ముందు చూద్దాం. కాస్త చేయి తిరిగాక గయా16ఏపీడీ మీద పని చేయండి. రెడ్‌షిఫ్ట్ 0.1 చిల్లర ఉన్న ఆ పేలుడు అతినీలలోహితంలో మిగతావాటిని మించి వెలిగి అందరినీ ఆశ్చర్యపరిచింది.

రొక్కం తెచ్చుకోవడం

స్విఫ్ట్ సమాచారానికి తాళం లేదు. పరిశీలన అయిన కొద్ది గంటల్లో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. నాసావారి హీసార్క్ భాండాగారంలోకి వెళ్లి సూపర్నోవా పేరు గానీ, ఆకాశ నిరూపకాలు గానీ ఇస్తే ఆ దిక్కున జరిగిన పరిశీలనలన్నీ వరసగా వస్తాయి. ఒక్కోదానికి 11 అంకెల సంఖ్య ఉంటుంది: మొదటి 8 ఖాతా నంబరు లాంటివి, చివరి 3 ఎన్నో విడతో చెబుతాయి. ఎక్స్-కిరణాల ఫైళ్ల జోలికి పోకుండా యూవోట్ సంచిలోని చిత్రాలను మాత్రమే దించుకోండి. పేరు చివర 'ఎస్‌కే' అని ఉన్నవి ఆకాశ చిత్రాలు, మనకు కావలసినవి అవే. 'ఆర్‌డబ్ల్యూ' అన్నవి ముడి సరుకు, వాటిని ముట్టుకోకండి.

హీసాఫ్ట్ అనే సాఫ్ట్‌వేర్ మూట కావాలి. అది లైనక్స్, మ్యాక్ యంత్రాల మీద నడుస్తుంది. విండోస్ ఉన్నవాళ్లు దానిలోనే లైనక్స్ ఎక్కించుకోవాలి. ఈ ఒక్క మెట్టు దగ్గరే సగం మంది వెనక్కి తిరిగిపోతారు. నాకూ రెండు ఆదివారాలు పట్టింది, మధ్యలో ఒకసారి కరెంటు పోయి మొదటికి వచ్చింది. అంత ఓపిక లేకపోతే సైసర్వర్ అనే వేదిక మీద అన్నీ ఎక్కించి పెట్టి ఉన్నాయి, బ్రౌజర్‌లోనే పని చేసుకోవచ్చు. హీసాఫ్ట్‌తో పాటు కాల్‌డీబీ అనే కొలతల పట్టిక కూడా తప్పనిసరి, పాతబడనివ్వకండి. టెలిస్కోపు చూపు ఏటేటా కాస్త మందగిస్తుంది, ఎంత మందగించిందో ఆ పట్టికలోనే ఉంటుంది. పాత పట్టికతో కొత్త చిత్రాన్ని కొలవడం అంటే పోయిన ఏడాది వడ్డీ రేటుతో ఈ ఏడాది వడ్డీ కట్టడమే. చిత్రాలు చూడటానికి డీఎస్9 అనే వీక్షకం చాలు.

ఉపగ్రహం సుమారు గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది. మధ్యలో భూమి అడ్డం వస్తుంది కాబట్టి ఒకే పరిశీలన ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలను యూవోట్‌ఇమ్‌సమ్ అనే ఆదేశంతో కలపాలి. కలిపే ముందు ప్రతి ముక్కనూ కళ్లతో చూడండి. నక్షత్రాలు చుక్కల్లా కాకుండా గీతల్లా సాగి ఉంటే, లేదా ఫైలు శీర్షికలో ఆస్ప్‌కార్ అన్నచోట 'డైరెక్ట్' (చిత్రం దిశను నక్షత్రాలతో సరిచూశారని గుర్తు) అని లేకపోతే, ఆ ముక్కను పక్కన పెట్టేయండి. చిరిగిన నోటును మంచి కట్టలో పెట్టకూడదు.

గీత గీయడం, లెక్కపెట్టడం

సూపర్నోవా మీద 5 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వ్యాసార్థంతో ఒక వృత్తం గీయాలి. యూవోట్ కొలతలన్నీ ఆ వృత్తానికే కట్టి ఉన్నాయి. వెలుగు బాగా తగ్గిపోయాక 3 ఆర్క్‌సెకన్లకు కుదించవచ్చు, కానీ అప్పుడు వృత్తం బయట పడిపోయిన కాంతికి సవరణ అడగాలి. నేపథ్యం కోసం 20 నుంచి 30 ఆర్క్‌సెకన్ల ఇంకో వృత్తం ఖాళీ ఆకాశంలో, గెలాక్సీకి దూరంగా గీయాలి. ఎన్‌జీసీ 3191 చేతులు ఎక్కడిదాకా చాచాయో చూసి మరీ గీయండి. తర్వాత యూవోట్‌సోర్స్ ఆదేశం ఇస్తే సెకనుకు ఎన్ని గణనలో, మాగ్నిట్యూడ్ ఎంతో, పొరపాటు హద్దు ఎంతో చెబుతుంది.

ఇక్కడ నాకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. నోట్లు లెక్కపెట్టే యంత్రంలో తడి నోట్లు వేస్తే రెండు అతుక్కుని ఒకటిగా దొర్లుతాయి. వానాకాలంలో కూరగాయల వ్యాపారులు తెచ్చే కట్టలతో ఎన్నోసార్లు చూశాను. యూవోట్‌లోనూ ఇదే జరుగుతుంది. అది ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది, కానీ సుమారు 11 మిల్లీసెకన్లకోసారి మాత్రమే తలుపు తెరిచి చూస్తుంది. ఆ వ్యవధిలో ఒకే చోట రెండు పడితే ఒకటిగానే రాసుకుంటుంది. సెకనుకు 10 వచ్చే చోటే దాదాపు 5 శాతం ఇలా పోతుంది. వెలుగు పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది, అంటే సరిగ్గా సూపర్నోవా గరిష్ఠంగా ఉన్నప్పుడు యంత్రం తక్కువ చెబుతుంది. యూవోట్‌సోర్స్ ఈ నష్టాన్ని తానే పూడుస్తుంది. అయితే ఆ పూడ్చే సూత్రం 5 ఆర్క్‌సెకన్ల వృత్తానికి తయారైంది. నా ఇష్టం వచ్చినట్టు 8 గీస్తానంటే కుదరదు, అందుకే పైన అంత గట్టిగా చెప్పాను.

ఇంకో సంగతి. గ్రాహకం మీద కొన్ని మచ్చలున్నాయి, అక్కడ పడ్డ కాంతి తక్కువగా నమోదవుతుంది. అతినీలలోహిత ఫిల్టర్లలో ఈ బాధ ఎక్కువ. ఒక్క రోజు మాత్రం సూపర్నోవా హఠాత్తుగా మసకబారి, మర్నాడు మామూలుగా ఉంటే నక్షత్రాన్ని అనుమానించే ముందు మచ్చను అనుమానించండి. దీనికీ కాల్‌డీబీలో పటం ఉంది, ఆదేశంలో దాన్ని జతచేస్తే ఆ చిత్రాన్ని వాడవచ్చో లేదో తెలుస్తుంది.

ప్రారంభ నిల్వ

కౌంటర్ తెరిచేటప్పుడు పెట్టెలో ఉన్న సొమ్మును ఆ రోజు వసూలుగా చూపిస్తే ఉద్యోగం పోతుంది. కానీ సూపర్నోవాల దగ్గర కొత్తవాళ్లందరూ మొదట చేసే పని ఇదే. మీ 5 ఆర్క్‌సెకన్ల వృత్తంలో సూపర్నోవా ఒక్కటే లేదు, దాని వెనక గెలాక్సీ ముక్క కూడా ఉంది. కొత్త నక్షత్రాలు పుడుతున్న గెలాక్సీ అతినీలలోహితంలో బాగా వెలుగుతుంది. అది ప్రారంభ నిల్వ, తీసేయాలి.

ఎలా తీస్తారు? పేలుడు పూర్తిగా చల్లారాక, ఏడాదికో రెండేళ్లకో, అదే చోటును అదే ఫిల్టరుతో తీసిన చిత్రం కావాలి. పేలకముందు ఎప్పుడైనా స్విఫ్ట్ అటు చూసి ఉంటే ఇంకా మంచిది. దాని మీద అదే వృత్తం, అదే నేపథ్యం పెట్టి గణనల రేటు తీసుకుని, ప్రతి రోజు రేటు నుంచి తీసేయాలి. రేటు నుంచి రేటునే తీయాలి. మాగ్నిట్యూడ్ నుంచి మాగ్నిట్యూడ్ తీయకూడదు, అవి లాగరిథమ్‌లు. వాటిని కూడటం, తీయడం అర్థం లేని పని. పొరపాటు హద్దులను మాత్రం వర్గాలు చేసి, కలిపి, వర్గమూలం తీయాలి.

ఒక ఊహా లెక్క చూడండి. యూవీఎం2లో గరిష్ఠం రోజున సెకనుకు 5.0 గణనలు, గెలాక్సీ ఒక్కటే ఉన్నప్పుడు 0.8. తీసివేస్తే 4.2. ఈ ఫిల్టరు సున్నా బిందువు 16.85, అంటే సెకనుకు ఒక గణన వస్తే మాగ్నిట్యూడ్ 16.85. మన 4.2కి 15.29 వస్తుంది. గెలాక్సీని తీయకపోతే 15.10 వచ్చేది. తేడా 0.19, పోనీలే అనిపిస్తుంది. ఇప్పుడు రెండు నెలల తర్వాత రోజు చూడండి: మొత్తం 0.9, గెలాక్సీ అదే 0.8. మిగిలింది 0.1, మాగ్నిట్యూడ్ 19.35. తీయని బద్ధకస్తుడికి 16.96 వస్తుంది. 9 రెట్ల అబద్ధం. పైగా ఆ అబద్ధం ప్రతి రోజూ అదే అంకె దగ్గర నిలబడి, సూపర్నోవా చల్లారకుండా స్థిరంగా వెలుగుతోందన్న భ్రమ కలిగిస్తుంది. గీత బల్లపరుపుగా సాగితే సంతోషించకండి, ముందు నిల్వ తీశారో లేదో చూసుకోండి.

హాలీ, కల్దారు

మా తాతగారు నిజాం కాలంలో బేగంబజారులో ఒక దుకాణంలో గుమాస్తా. హైదరాబాదు హాలీ రూపాయి వేరు, బ్రిటిష్ కల్దారు రూపాయి వేరు. ఏడు హాలీ ఇస్తే ఆరు కల్దారు వచ్చేవి. చిట్టాలో అంకె పక్కన హాలీనో కల్దారో రాయని గుమాస్తాకు ఆ నెల జీతంలో కోత పడేదని చెప్పేవారు.

మాగ్నిట్యూడ్‌లకూ ఇలా రెండు నాణేలున్నాయి: వేగా అనే నక్షత్రం వెలుగును ప్రమాణంగా తీసుకునేది వేగా, అన్ని తరంగాలకూ ఒకే ప్రమాణం పెట్టుకునేది ఏబీ. పైన చెప్పిన 16.85 వేగా నాణెంలో ఉంది. ఏబీలోకి మార్చాలంటే యూవీడబ్ల్యూ2కి 1.73, యూవీఎం2కి 1.69, యూవీడబ్ల్యూ1కి 1.51, యూకి 1.02 కలపాలి. బీ, వీ ఫిల్టర్లలో తేడా స్వల్పం. దృశ్యకాంతిలో పని చేసేవాళ్లకు అందుకే ఈ జాగ్రత్త అలవాటు ఉండదు, అతినీలలోహితంలోకి రాగానే బోల్తా పడతారు.

నేనూ పడ్డాను. ఒక రాత్రి పదకొండు గంటలకు నా పట్టికలో ఒక సూపర్నోవా యూవీడబ్ల్యూ2లో ఎవరూ చూడనంత వెలుగుతో కనిపించింది. మా ఆయనను నిద్రలేపి చెప్పాను. ఆయన "మంచిది" అని అటు తిరిగి పడుకున్నారు. ఫోనులో చెల్లెలి కూతురు మాత్రం ఒక్క నిమిషం మౌనంగా ఉండి, "పెద్దమ్మా, ఎంత ఎక్కువగా వెలుగుతోంది?" అంది. "5 రెట్లు" అన్నాను. "అంటే 1.7 మాగ్నిట్యూడ్‌లా?" అంది. అప్పుడు యూవీడబ్ల్యూ2కి కలపాల్సిన 1.73 గుర్తొచ్చింది. వేగా అంకెను ఏబీ అనుకుని రాసేశాను. మామూలు సూపర్నోవాకూ అతిప్రకాశ సూపర్నోవాకూ మధ్య ఉన్న దూరం ఎంతో, నాణెం మార్చడం మరిచిపోతే వచ్చే పొరపాటూ దాదాపు అంతే. తాతగారు ఉంటే జీతం కోసేవారు. అప్పటినుంచి నా పట్టికలో ప్రతి నిలువు వరస తలమీద 'వే' లేదా 'ఏ' అని ఎర్ర సిరాతో ఉంటుంది.

కోతలు

మన గెలాక్సీలోని ధూళి దారిలో కొంత కాంతిని తినేస్తుంది. ఏ దిక్కున ఎంత ధూళి ఉందో పటాలున్నాయి, నిరూపకాలు ఇస్తే ఒక అంకె వస్తుంది, దాన్ని వర్ణాధిక్యం అందాం. దృశ్యకాంతి వీ ఫిల్టరులో కోత దానికి 3.1 రెట్లు. యూవీఎం2లో దాదాపు 9 రెట్లు, ఎందుకంటే ధూళి ప్రత్యేకంగా మింగే 2175 ఆంగ్‌స్ట్రామ్‌ల చోటు సరిగ్గా ఈ ఫిల్టరులోనే పడుతుంది. మన ఊహా లెక్కలో వర్ణాధిక్యం 0.02 అనుకుంటే కోత 0.18. ఏబీలో 16.98 ఉన్నది 16.80 అవుతుంది. రెడ్‌షిఫ్ట్ 0.1 అయితే దూరానికి 38.3 తీసి, విశ్వ విస్తరణ సాగదీసినందుకు 0.1 కలపాలి. నిజ ప్రకాశం మైనస్ 21.4 వస్తుంది.

రోజుల లెక్కనూ ఒకటికి రెడ్‌షిఫ్ట్ కలిపి భాగించాలి. మన క్యాలెండరులో 33 రోజులు ఆ సూపర్నోవాకు 30 రోజులే.

వేడి ఎంత?

ఇంత అవస్థ పడేది దీనికోసమే. వేడి వస్తువు ఏ తరంగం దగ్గర ఎక్కువ వెలుగుతుందో తెలియాలంటే 2.9 కోట్లను కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించండి, ఆంగ్‌స్ట్రామ్‌లలో జవాబు వస్తుంది. అతిప్రకాశ సూపర్నోవా గరిష్ఠ దశలో 15,000 డిగ్రీలుంటే శిఖరం 1930 దగ్గర. యూవీడబ్ల్యూ2 కేంద్రం 1928! నేల మీది టెలిస్కోపులకు కొండ దిగువ వాలు మాత్రమే కనిపిస్తుంది. 15,000 అయినా 20,000 అయినా ఆ వాలు ఇంచుమించు ఒకేలా ఉంటుంది, వాలును చూసి కొండ ఎత్తు చెప్పలేం. శిఖరాన్ని చూపించేవి మన మూడు ఫిల్టర్లే.

ఉష్ణోగ్రతలో పొరపాటు ఎందుకు ఖరీదైనదంటే, వెలుగు దాని నాలుగో ఘాతంతో పెరుగుతుంది. సైజు అంతే ఉంచి ఉష్ణోగ్రత 10 శాతం ఎక్కువ రాస్తే వెలుగు 46 శాతం ఎక్కువ వస్తుంది. సైజు ఎంత ఉంటుందంటారా? సెకనుకు 10,000 కిలోమీటర్ల చొప్పున 30 రోజులు ఉబ్బితే వ్యాసార్థం సుమారు 2,600 కోట్ల కిలోమీటర్లు, భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 170 రెట్ల పైచిలుకు. 15,000 డిగ్రీల దగ్గర అంత గోళం 6,000 కోట్లకు పైగా సూర్యులంత వెలుగుతుంది. ఇది నేను కాగితం మీద వేసిన లెక్క, మీరూ వేసి చూసుకోండి.

ఆరు ఫిల్టర్ల అంకెలకు ఒక వేడి గోళం వక్రరేఖను అమర్చడానికి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో పది వరసలు చాలు. సూపర్‌బోల్ అనే ఉచిత సాధనం మొత్తం వెలుగును కూడా కట్టి ఇస్తుంది. రెండు హెచ్చరికలు మాత్రం. మొదటిది, 3000 ఆంగ్‌స్ట్రామ్‌ల కింద మెగ్నీషియం, ఇనుము లాంటి మూలకాలు కాంతిని మింగుతాయి. అందువల్ల అసలు అంకెలు వక్రరేఖ కంటే కిందికి దిగుతాయి. అలా దిగడం తప్పు కాదు, దాన్ని నిఠారుగా చేయాలని ఉష్ణోగ్రతను సతాయించకండి. రెండోది, యూవీడబ్ల్యూ2, యూవీడబ్ల్యూ1 ఫిల్టర్లకు ఎర్రవైపు చిన్న చిల్లు ఉంది. వంద నోట్ల కట్టలోకి పదులు జొరబడినట్టు దృశ్యకాంతి లోపలికి వస్తుంది. సూపర్నోవా వేడిగా ఉన్నప్పుడు ఫరవాలేదు. చల్లబడ్డాక ఆ రెండు ఫిల్టర్లలో కనిపించేదాంట్లో చాలా భాగం అతినీలలోహితమే కాదు. అప్పుడు యూవీఎం2 మాటే నమ్మాలి. ఎవరైనా రెండు నెలల తర్వాత కూడా యూవీడబ్ల్యూ2 గట్టిగా ఉందంటే నేను మొదట అడిగే ప్రశ్న "యూవీఎం2 ఏమంటోంది?"

సొమ్ము ఎక్కడిది?

మామూలు సూపర్నోవాలను వెలిగించే రేడియోధార్మిక నికెల్ ఇక్కడ చాలదు. ఒకటవ-ఏ రకానికి సూర్యుడిలో సగం పైచిలుకు నికెల్ సరిపోతుంది. వీటికి అనేక సూర్యులంత కావాలి, అంత సరుకు పేలుడులో కనిపించదు. ఎక్కువమంది నమ్మే దాత మాగ్నెటార్. అది సెకనుకు వందలసార్లు తిరిగే, విపరీతమైన అయస్కాంత శక్తి గల న్యూట్రాన్ నక్షత్రం, తిరుగుడు నెమ్మదించే కొద్దీ తన శక్తిని పేలుడు శకలాలకు ధారపోస్తుంది. 2010లో కేసన్, బిల్డ్‌స్టెన్ ఒకవైపు, వూస్లీ మరోవైపు ఈ లెక్క చెప్పారు. ఇంకో మార్గం, నక్షత్రం చావకముందే విసిరేసుకున్న పొరలను శకలాలు ఢీకొట్టడం.

ఖాతాదారు పేరే మారిపోయిన సందర్భమూ ఉంది. 2015 జూన్‌లో దొరికిన అసాసిన్-15ఎల్‌హెచ్ మైనస్ 23.5 దాకా వెలిగి, అతి పెద్ద సూపర్నోవాగా పేరు మోసింది. తర్వాత మసకబారుతూ ఉండగా అతినీలలోహితంలో మాత్రం మళ్లీ పుంజుకుంది. దృశ్యకాంతిలో ఆ జాడ లేదు, స్విఫ్ట్ చూస్తూ ఉండకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అది గెలాక్సీ నడిబొడ్డున ఉందనీ, భారీ కృష్ణబిలం ఒక నక్షత్రాన్ని చీల్చడమే కావచ్చనీ 2016లో లెలూదాస్ బృందం వాదించింది. అందరూ ఒప్పుకోలేదు. వెలుగు తగ్గిపోయిందని పరిశీలన ఆపేయకూడదని మాత్రం నేను నేర్చుకున్నాను.

కొత్త సూపర్నోవా కనిపిస్తే స్విఫ్ట్‌ను అటు తిప్పమని ప్రపంచంలో ఎవరైనా దరఖాస్తు పెట్టే వీలుండేది. ఎందుకు, ఎన్ని సెకన్లు, ఏ ఫిల్టర్లు అని కారణాలతో రాయాల్సి ఉండేది. నేను ఇంతవరకు పెట్టలేదు. ఆ ఉపగ్రహం ముసలిదైంది, 2024లో దిశ కనిపెట్టే గైరోస్కోపు మొరాయించింది, కక్ష్య కూడా కిందికి జారుతోంది. దాని సమయం అడిగే ఆలోచన పక్కన పెట్టి, ఇప్పటికే భాండాగారంలో పడి ఉన్న చిత్రాల మీద చేయి తిప్పుకోండి. ఇరవై ఏళ్ల సరుకు ఉంది.

బేగంపేటలో నిజామియా వేధశాల ఉండేది, ఆ ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక పరిశోధనా సంస్థ నడుస్తోంది. ఒకప్పుడు అక్కడ గాజు ఫలకల మీద చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను పుస్తకాలకెక్కించారు. కంప్యూటర్ లేదు, కొలిచేవాళ్లు, రాసేవాళ్లు మాత్రమే. అటువైపు బస్సులో వెళ్లినప్పుడల్లా వాళ్లలో ఎవరికైనా సాయంత్రం లెక్క కుదరని రోజు ఉండి ఉంటుందా అని ఆలోచిస్తాను.

పోయిన నెల 2017ఈజీఎం మీద నా అంకెలను పత్రికల్లో అచ్చయిన అంకెలతో పోల్చాను. గరిష్ఠం దగ్గర సరిపోయాయి. చివరి రోజుల్లో యూవీఎం2లో 0.04 తేడా. పొరపాటు హద్దు లోపలే ఉంది, వదిలేయమంది చెల్లెలి కూతురు. రెండు రాత్రులు వెతికాను. నా నేపథ్య వృత్తం అంచున కంటికి ఆనని ఒక నక్షత్రం ఉంది, చిత్రాలన్నీ కలిపితే తప్ప కనిపించనిది. వృత్తాన్ని 12 ఆర్క్‌సెకన్లు పక్కకు జరిపి మళ్లీ మొదటినుంచి నడిపించాను. తేడా 0.01కి దిగింది. ఆ తేదీ పక్కన సంతకం పెట్టి లాప్‌టాప్ మూశాను.